వెతికితే దొరకాలి: మా రొయ్యల రైతుల సైటు డైరీ

2021 ఆగస్టు, రెండో వారం

వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. 256 మంది. ఇంకొకరిని చేర్చాలంటే ఉన్నవాళ్లలో ఒకరిని తీసేయాలి. పోయిన వారం ‘ఈయన ఎప్పుడూ ఏమీ మాట్లాడడు కదా’ అని ఒక పెద్దాయన నంబరు తీసేశాను. మర్నాడు పొద్దున్నే ఆయన మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. “మాట్లాడను అబ్బయ్యా, చదువుతా. చదివేవాడికి చోటు లేదా?” అన్నాడు. కాఫీ ఇచ్చి, సారీ చెప్పి, మళ్లీ చేర్చాను. ఆయన కోసం ఎవరిని తీశానో ఇక్కడ రాయను.

మాది నెల్లూరు జిల్లాలో అల్లూరు దాటాక, ఉప్పుగాలి తగిలే ఊరు. చిన్నాయనకి ఆరెకరాల రొయ్యల చెరువులు. నేను నెల్లూరులో ఒక చిన్న ఆఫీసులో లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తుంటాను. గ్రూపు నేనే పెట్టాను కాబట్టి దాని బాధ కూడా నాదే. అసలు బాధ 256 కాదు. ‘పిల్ల వదిలి ఇరవై రోజులైంది, చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది, ఏం చేయాలి’ అన్న ప్రశ్న నెలకి నాలుగుసార్లు వస్తుంది. (చెక్ ట్రే అంటే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే పళ్లెం.) మొదటిసారి ఎవరో అనుభవం ఉన్నాయన చక్కగా చెప్తాడు. సాయంత్రానికి ఆ జవాబు శుభోదయం బొమ్మల కింద పూడిపోతుంది. రెండోసారి ఆయన విసుక్కుంటాడు. మూడోసారి మందుల షాపు వాళ్లెవరో జవాబు చెప్తారు, కింద ఫోన్ నంబరుతో.

సైటు పెడదామని తేల్చుకున్నాను.

2021 సెప్టెంబరు

ఏడాదికి రెండున్నర వేల లోపు హోస్టింగ్ తీసుకున్నాను. ఫ్రీగా దొరికే ఒక పీహెచ్‌పీ ప్రోగ్రాం ఎక్కించి, దానిలోని ఇంగ్లీషు మాటలన్నీ కూర్చుని తెలుగు చేశాను. నాలుగు రాత్రులు పట్టింది. గర్వంగా చిన్నాయనకి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, ప్రశ్న టైపు చేసి, బటన్ దగ్గర ఆగిపోయాడు.

“సమర్పించు అంటే? ఎవరికి సమర్పించాలి, అమ్మవారికా?”

‘పంపు’ అని మార్చాను. ‘ప్రవేశించు’ తీసేసి లాగిన్ అని పెట్టాను. ‘సంకేతపదం’ తీసేసి పాస్‌వర్డ్ అని పెట్టాను. తెలుగు మీద ప్రేమ ఉండటం వేరు, రెండు చేతులూ తడిగా ఉన్న మనిషికి బటన్ అర్థం కావటం వేరు.

ఇంకో తప్పు కూడా ఆయనే పట్టాడు, తనకు తెలియకుండా. ‘ప్రశ్న’ అన్న బటన్ మీద కింద ఉన్న న వత్తు సగానికి తెగిపోయి, గీతలా కనిపిస్తోంది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా ఎత్తు పెట్టిన పెట్టెలో మన వత్తు పట్టదు. వరుసల మధ్య ఖాళీ పెంచి, బటన్ల ఎత్తు పెంచాను. డిజైన్ చూసి ‘లావుగా ఉంది’ అన్నాడు ఆఫీసులో కుర్రాడు. లావుగానే ఉండాలి.

విభాగాలు పద్నాలుగు పెట్టాను: సీడ్ (రొయ్యపిల్ల), మేత, నీళ్లు, రోగాలు, ఏరియేటర్లు (నీళ్లకి గాలి అందించే మిషన్లు), కరెంటు, రేట్లు, ఇంకా ఏవేవో. తర్వాత చూస్తే తొమ్మిదింట్లో ఒక్క ప్రశ్నా లేదు. ఖాళీ గదులు చూపించి పెళ్లివారిని పిలిచినట్టయింది.

2021 నవంబరు 24

రాయడానికి చెయ్యి రావడం లేదు. పెన్నకి అంత వరద నేను చూడలేదు. సోమశిల నుంచి నీళ్లు వదిలారు. కోవూరు దగ్గర హైవే తెగింది. పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. విడవలూరు, ఇందుకూరుపేట వైపు చెరువు ఏదో, పొలం ఏదో తెలియకుండా నీళ్లు. మా చిన్నాయన రెండు చెరువుల గట్లు తెగాయి. సరుకు నీళ్లతో పాటే పోయింది.

ఆ నాలుగు రోజులు సైటులో ఒక్క మాట లేదు. అందరూ ఫోన్లలో, వాట్సాప్‌లో ఉన్నారు. అది సహజం. గోడమీద నీళ్లు ఎక్కుతుంటే ఎవడూ లాగిన్ అవ్వడు. అయినా మనసులో ముల్లు గుచ్చుకుంది. అవసరం వచ్చిన రోజున గుర్తుకు రాని సైటు ఎందుకు?

2022 జనవరి

సభ్యులు 412. సంబరపడి పేర్లు చూశాను. అందులో మనవాళ్లు 41. మిగతావన్నీ రష్యన్ అక్షరాల పేర్లు, మందుల ప్రకటనలు, జూదం లింకులు. ‘రోగాలు’ విభాగంలో ఎవరో గడియారాలు అమ్ముతున్నారు.

వంకర అక్షరాల బొమ్మ పెట్టి, అందులో ఉన్నది టైపు చేయమంటే మనవాళ్లకే రావడం లేదు, మిషన్లు మాత్రం దాటేస్తున్నాయి. అది తీసేసి తెలుగులో ఒక ప్రశ్న పెట్టాను: ‘కిలోకి 40 రొయ్యలు తూగితే ఎంత కౌంట్?’ చెరువు మొహం చూసిన ప్రతివాడికీ వచ్చు. ఆ రోజు నుంచి గడియారాలవాళ్లు రాలేదు. ఈ మొత్తం ప్రాజెక్టులో నేను నిజంగా తెలివిగా చేసిన పని ఇదొక్కటే అనిపిస్తుంది.

2022 జూన్

వాట్సాప్ గ్రూపు పరిమితిని 512కి పెంచింది. సైటు పెట్టడానికి చెప్పిన కారణమే పోయింది. మొన్నటిదాకా రోజుకి ఏడెనిమిది ప్రశ్నలు వచ్చేవి, ఇప్పుడు రెండు. ‘మళ్లీ గ్రూపులోకి వచ్చేయండన్నా’ అని ఎవరో రాశారు, సైటులోనే.

అరుగు పెద్దాయన మాత్రం రోజూ వస్తాడు. రాత్రి రెండున్నరకి. లాగ్‌లో ఆయన పేరు కనిపిస్తుంది. ఏమీ రాయడు, చదివి వెళ్లిపోతాడు.

2022 జులై

ఆ రెండున్నర దగ్గరే ఒక సంగతి దొరికింది. సైటు రాత్రిపూట ఆగిపోతోందని ముగ్గురు చెప్పారు. నేను పగలు చూస్తే బాగానే ఉంటుంది. చివరికి గంటల వారీగా లెక్క తీశాను. మా సైటుకి ఎక్కువ మంది వచ్చేది రాత్రి రెండు నుంచి నాలుగున్నర మధ్య. బ్యాకప్ నడిచేది మూడింటికి. ఆ టైములో ఎవరూ ఉండరని పుస్తకాల్లో, వీడియోల్లో అందరూ చెప్పే టైము.

చెరువు సంగతి తెలిసినవాడిని, నాకే తట్టలేదు. పగలు నీళ్లలోని పాచి ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అది ఆగిపోతుంది, పైగా పాచి కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లారేలోపు చెరువులో డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అట్టడుగుకి పడుతుంది. అప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది. అందుకే రైతు ఆ వేళకి గట్టు మీద, చేతిలో ఫోన్‌తో, జనరేటర్ పక్కన కూర్చుని ఉంటాడు. సరిగ్గా అప్పుడే నేను సైటు మూసి బ్యాకప్ తీసుకుంటున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి మార్చాను. అన్నాలు తిని ఒక కునుకు తీసే టైము.

అమావాస్యకీ పౌర్ణమికీ కూడా రద్దీ పెరుగుతోంది. ఆ రోజుల్లో రొయ్యలు ఎక్కువగా పొట్టు వదులుతాయని మావాళ్ల లెక్క. పొట్టు వదిలిన రొయ్య మెత్తగా, నీరసంగా ఉంటుంది కాబట్టి మేత తగ్గించాలా, మినరల్స్ ఎంత వేయాలి అని ప్రశ్నలు. సర్వర్ కోసం పంచాంగం చూసేవాడు జిల్లాలో నేనొక్కడినే అయ్యుంటాను.

2022 నవంబరు

వాట్సాప్ ఇప్పుడు 1,024 అంది. సైటు మూసేద్దామా అని చిన్నాయనని అడిగాను. “వెయ్యిమందిలో ఎవడి మాట ఎవడు వింటాడురా?” అన్నాడు. మూయలేదు.

2022 డిసెంబరు 22

ఈ రోజు రాయాల్సింది నా తప్పు గురించి.

మాండూస్ తుపాను తొమ్మిదో తేదీ రాత్రి మహాబలిపురం దగ్గర తీరం దాటింది. మా వైపు వాన దంచింది. ఉప్పునీళ్ల చెరువులో అంత వాన పడితే మంచినీళ్లు పైన పొరలా నిలుస్తాయి, ఉప్పు శాతం, ఆల్కలినిటీ (నీళ్ల క్షారగుణం) పడిపోతాయి. సైటులో ప్రశ్నలు వచ్చాయి. అప్పుడు, ఏడాదిన్నరలో మొదటిసారి, అరుగు పెద్దాయన జవాబు రాశాడు. పొడుగ్గా. పదిహేడు వరుసలు. నేను ఆఫీసు హడావుడిలో ఉండి ‘రాత్రికి చదువుదాంలే’ అనుకున్నాను.

రాత్రి తెరిస్తే పదిహేడు వరుసల ప్రశ్నార్థకాలు. అక్షరం లేదు.

అంతకు కొద్ది రోజుల ముందే హోస్టింగ్ వాళ్లు మా సైటుని కొత్త మిషన్‌కి మార్చారు. చెప్పే చేశారు, మెయిల్ కూడా పంపారు. నేను చదవలేదు. పాత జవాబులన్నీ చెత్తగా కనిపిస్తున్నాయి: నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ‘ఏ’, పక్కన ప్లస్-మైనస్ గుర్తు, ఇలా పేజీ నిండా. కొత్త జవాబులు మాత్రం ఉత్త ప్రశ్నార్థకాలు.

రెండూ చెత్తే అనుకుంటాం గానీ, తేడా ఉంది. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు. నేను మొదట్లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో టేబుళ్లు చేసినప్పుడు అక్షరాల సెట్టింగ్ చూసుకోలేదు. పాత వెర్షన్లలో అది లాటిన్-1, అంటే పడమటి యూరప్ భాషలకు సరిపోయేది. పాత మిషన్‌లో కనెక్షన్ కూడా లాటిన్-1 కాబట్టి మూడు బైట్లు లోపలికి ఎలా వెళ్లాయో అలాగే బయటికి వచ్చేవి. రెండు తప్పులు కలిసి ఒప్పులా కనిపించాయి. కొత్త మిషన్‌లో కనెక్షన్ సరైనది. అది లోపలున్న బైట్లను నిజంగానే యూరప్ అక్షరాలనుకుని చూపించింది. అంటే బైట్లు భద్రంగానే ఉన్నాయి. తిప్పి చదివితే పాత జవాబులన్నీ వస్తాయి. కొత్తగా రాసినవాటి కథ వేరు. సరైన తెలుగు వచ్చి, తెలుగు పట్టని టేబుల్ తలుపు తట్టింది. టేబుల్ ‘ఈ అక్షరం నా దగ్గర లేదు’ అని ఒక్కోదాని బదులు ఒక్కో ప్రశ్నార్థకం రాసుకుంది. అక్కడ బైట్లే లేవు. ఏ మంత్రం వేసినా రావు.

1,140 జవాబులు తిరిగి తెచ్చాను. 63 పోయాయి. ఆ 63లో పెద్దాయన పదిహేడు వరుసలు ఉన్నాయి.

ఆదివారం ఆయన ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. “మళ్లీ ఎవరు రాస్తారబ్బయ్యా. రాత్రి నిద్ర పట్టక రాసింది” అని గొడ్లకు మేత వెయ్యడానికి లేచాడు. ఆ మాటకి కోపమే నయం.

2023 ఫిబ్రవరి

మొత్తం మళ్లీ కట్టాలని కూర్చున్నాను. ఈసారి పైథాన్, డేటా అంతా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో. ఒకే ఫైలు. కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే బ్యాకప్. ఆ పెన్‌డ్రైవ్‌ని చిన్నాయన ఇంట్లో బీరువాలో, రిజిస్ట్రేషన్ కాగితాల సంచిలో పెడుతున్నాను. నెలకొకసారి దాన్ని వేరే కంప్యూటర్లో తెరిచి, పది జవాబులు కళ్లతో చదువుతాను. తీసుకోవడం కాదు, చదవగలగడం బ్యాకప్.

విభాగాలు లేవు. మొదటి పేజీలో పైన ఒక వెతుకుడు పెట్టె, కింద ఇవాళ్టి రేట్లు, దాని కింద కొత్త ప్రశ్నలు. అంతే.

లింకులు కూడా మార్చాను. పాత సైటులో ప్రశ్న శీర్షికే లింకులో తెలుగులో ఉండేది. చూడ్డానికి ముచ్చట. వాట్సాప్‌లో పంపితే ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిదేసి గుర్తులుగా విచ్చుకుంటుంది. ‘రొయ్య’ అన్న చిన్న మాట 45 గుర్తులవుతుంది. శీర్షిక మొత్తం అయితే ఫోన్ తెర నిండా శాతం గుర్తులే. ‘ఇదేందో వైరస్ లాగుంది’ అని జనం నొక్కడం మానేశారు. ఇప్పుడు ఉత్త నంబరు. పాత లింకు నొక్కినవాళ్లు కొత్తదానికి వెళ్లేలా పట్టిక రాసి పెట్టాను. అందులో పదకొండు తప్పుగా కలిపాను. చెప్పినప్పుడల్లా దిద్దుతున్నాను.

2023 మార్చి

వెతుకుడు పెట్టె నన్ను పిచ్చివాణ్ని చేస్తోంది.

‘మేత’ అని కొడితే పాతిక జవాబులు వచ్చాయి. మొదటిది ‘డ్రమ్ము మూత పోయింది’. రెండోది ‘మోటారు మోత ఎక్కువగా ఉంది’. మూడోది ‘మందు మోతాదు ఎంత’. నాలుగోది మేత గురించి. ‘కౌంట్’ అని కొడితే కాటా, కోటి, కోట వస్తున్నాయి. కోట మండలం వాళ్లు సంతోషిస్తారేమో గానీ నాకు పని జరగదు.

మూడు రోజులు నా కోడ్‌లో తప్పు వెతికాను. తప్పు నాది కాదు, కానీ నేను చదవాల్సింది చదవలేదు. ఎస్‌క్యూలైట్‌లో వెతకడానికి ఉన్న ఏర్పాటు మాటలను ముక్కలు చేసేటప్పుడు, మామూలుగా అక్షరాలనూ అంకెలనూ మాత్రమే మాటలో భాగంగా చూస్తుంది. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న దాని దృష్టిలో అక్షరాలు కావు, కామా లాంటివి. అంటే ‘మేత’లో ఏత్వం దగ్గర కత్తి పెట్టి ‘మ’, ‘త’ అని రెండు ముక్కలు చేస్తుంది. ‘మూత’, ‘మోత’ కూడా ‘మ’, ‘త’నే. ‘కౌంట్’ అంటే ‘క’, ‘ట’. కాటా కూడా అంతే. గుణింతం తీసేస్తే తెలుగులో ఏం మిగులుతుంది?

మందు ఒక్క వరుస: ఆ గుర్తుల వర్గాలను కూడా అక్షరాలుగా లెక్కపెట్టు అని సెట్టింగ్. అది పెట్టి, ఇండెక్స్ మళ్లీ కట్టి, ‘మేత’ అని కొట్టాను. మేత వచ్చింది. రాత్రి ఒంటిగంట. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు కాబట్టి గట్టిగా అరవలేదు.

2023 ఏప్రిల్ – మే

మేత వచ్చింది గానీ మనిషి రాలేదు. జవాబు దొరకని వెతుకులాటలన్నీ ఒక ఫైలులో పడేలా చేసి, వారం తర్వాత ప్రింటు తీశాను. నాలుగు పేజీలు. కావాల్సిన జవాబులు మా దగ్గర ఉన్నాయి. అడిగిన మాట వేరు, రాసిన మాట వేరు.

ఒకరు ‘నీళ్ళు’ అని రాస్తారు, ఒకరు ‘నీళ్లు’ అని. రెండూ ఒప్పే. మిషన్‌కి రెండూ వేరు. ‘ళ్ళ’ కనిపిస్తే లోపల ‘ళ్ల’గా మార్చుకునేలా చేశాను, పైకి మాత్రం ఎవరు ఎలా రాస్తే అలాగే కనిపిస్తుంది. ఇక ‘నీరు’, ‘నీటిలో’ అని అడిగేవాళ్లు ఉండనే ఉన్నారు. ‘చెరువులో’, ‘చెరువుకి’, ‘చెరువుల’ అన్నవి మొదటి భాగం ఒకటే కాబట్టి ముందునుంచి పోల్చితే దొరుకుతాయి, నీరు-నీటి అలా దొరకవు. వాటికి ఏ మాటకి ఏ మాటో ఒక పట్టిక చేత్తో రాయాల్సిందే.

రొయ్య పేరే చూడండి. వనామి, వెనామి, వెన్నామి, వనమై, వన్నామై. 2009లో ఈ రకం మన దేశంలోకి అధికారికంగా వచ్చింది, ఇన్నేళ్లయినా పేరుకి ఒక రాత కుదరలేదు. రొయ్యలకొచ్చే ఒక రోగాన్ని వైట్ స్పాట్ అని విడిగా రాసేవాళ్లు, వైట్‌స్పాట్ అని కలిపేవాళ్లు, తెల్లమచ్చ అనేవాళ్లు. కలిపి రాసేవాళ్లలోనూ రెండు జాతులు. కొన్ని కీబోర్డులు ‘ట్’కీ ‘స్పా’కీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు వేస్తాయి, అది ఉంటే పొల్లు పొల్లుగా నిలబడుతుంది. వేయని కీబోర్డుల్లో ‘స్’ వెళ్లి ‘ట’ కిందకి వత్తుగా దూరుతుంది. మొదట ఆ కనిపించని గుర్తుని పూర్తిగా తీసేశాను. అదీ తప్పే. దాన్ని ఖాళీలా చూస్తే ‘వైట్’, ‘స్పాట్’ విడిపోయి, విడిగా రాసినవాళ్లతో సరిగ్గా కలుస్తాయి. మిగిలిపోయిన వత్తు జాతిని పట్టికలో చేర్చాను.

మూడో వంతు మంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నారు. అందులో రొయ్యకి ఎనిమిది స్పెల్లింగులు లెక్కపెట్టాను.

కొందరు గొంతుతో కొడుతున్నారు. ఫోన్ కీబోర్డులో తెలుగు మాట్లాడితే రాసే సౌకర్యం 2017 నుంచి ఉంది, మావాళ్లకి అది పెద్ద వరం. కానీ గట్టు మీద ఏరియేటర్ల హోరులో ‘డీవో’ అంటే అది ‘దేవా’ అని రాస్తుంది. ‘తెల్లవారుజామున దేవా పడిపోయింది’ అని ఒక ప్రశ్న. పట్టికలో ‘దేవా’ని కూడా చేర్చాను. భక్తులు మన్నించాలి.

ఈ పట్టిక ఇప్పుడు 212 వరుసలు. ఎడమ పక్క జనం అనే మాట, కుడి పక్క సైటు అర్థం చేసుకోవాల్సిన మాట. సగం నేను రాశాను, సగం చిన్నాయన చెప్పాడు. ‘గొట్టం ఖాళీ’ అంటే రొయ్య పేగులో మేత లేదని అర్థమట. అది ఏ పుస్తకంలో వెతకాలి? సైటు మొత్తం కోడ్‌లో నాకు పోతే ఏడుపొచ్చేది ఈ ఒక్క ఫైలే.

2023 జులై 3

కొత్త సైటు తెరిచాం. తెరిచాం అంటే పెద్ద పండగేమీ లేదు. గ్రూపులో లింకు పెట్టాను, చిన్నాయన టీ కొట్టు దగ్గర నలుగురికి చెప్పాడు.

రూల్స్ రెండే. ఒకటి, జవాబు కింద ఫోన్ నంబరు, షాపు పేరు ఉండకూడదు. రెండు, యాంటీబయాటిక్ పేరు ఎవరు చెప్పినా ఆ జవాబు తీసేస్తాం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివి ఆక్వాలో నిషేధం. వాటి ఆనవాళ్లు దొరికితే సరుకు విదేశీ రేవుల నుంచి తిరిగొస్తుంది. ఆ దెబ్బ వాడినవాడికే కాదు, పక్క చెరువువాడి రేటుకీ తగులుతుంది. రెండో రూల్ వల్ల మొదటి నెలలోనే ఒక డీలరు నాకు ఫోన్ చేసి గంటసేపు క్లాసు పీకాడు. విన్నాను. జవాబు వెనక్కి పెట్టలేదు.

2023 డిసెంబరు 6

మిచౌంగ్ తుపాను నిన్న బాపట్ల దగ్గర తీరం దాటింది. రెండు రోజులు మాకు వాన, గాలి. గట్లు నిలిచాయి ఈసారి.

నాలుగో తేదీ రాత్రి సైటు ఆగలేదు. వెతుకులాటల ఫైలు చూస్తున్నాను: ‘వాన నీళ్లు పైన’, ‘ఉప్పు తగ్గింది’, ‘సున్నం ఎంత’, ‘మాండూస్ అప్పుడు ఏం చేశారు’. ఈ చివరిది చూసి కాసేపు కదల్లేదు. పోయినేడాది మాండూస్ ప్రశ్నకి మూడు జవాబులు మిగిలాయి: పై పొర నీళ్లు తూము పైపలకలు తీసి వదిలేయమని, నీళ్లు కలిసిపోయేలా ఏరియేటర్లు ఆపొద్దని, సున్నం ఒకేసారి గుమ్మరించొద్దని. నాలుగోది పదిహేడు వరుసల ప్రశ్నార్థకాలు. దాన్ని తీసేయలేదు నేను. కింద ‘ఈ జవాబు నా తప్పు వల్ల పోయింది’ అని మాత్రం రాశాను.

తెల్లవారుజామున మూడు గంటల పది నిమిషాలకి ఆ ప్రశ్న కింద కొత్త జవాబు వచ్చింది. గొంతుతో రాసింది, కామాలు లేవు, ‘దేవా’ రెండుసార్లు ఉంది. పెద్దాయన.

ఆరు వరుసలే. వాన మొదలవ్వకముందే మేత ఆపేయాలట. ‘వాన చూసి ఆపితే అప్పటికే అడుగున పడుంటది’ అని. అదే రాత్రి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను.

2024

ఈ ఏడు రాయడానికి పెద్దగా ఏమీ లేదు. సైటు నడిచింది. పట్టిక 340 వరుసలకి పెరిగింది. ప్రకాశం జిల్లా నుంచి, సింగరాయకొండ, కొత్తపట్నం వైపు రైతులు చేరారు. మేము ‘గుంట’ అన్నచోట వాళ్లు వేరే అంటారు, దాంతో ఇంకొన్ని వరుసలు. హోస్టింగ్ డబ్బులు మొదటిసారి నేను కాకుండా పదిమంది చందా వేసుకుని కట్టారు. రసీదు పుస్తకం చిన్నాయన దగ్గర.

2025 ఆగస్టు 30

27వ తేదీ నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయింది. మన రొయ్యకి పెద్ద మార్కెట్ అదే. ఆ మాట తెలిసిన దగ్గర్నుంచి రేట్ల పేజీ మీద జనం పడ్డారు. మామూలుగా వచ్చేవాళ్లకి నాలుగింతలు. సైటు తట్టుకుంది.

తట్టుకోలేనిది నా రేట్ల ఫారం. రేటు రాయాలంటే ఆ రోజు సరుకు అమ్మినవాడే రాయాలి, ఏ కౌంట్, కిలో ఎంత, ఏ ఊరు. పుకారు రేట్లు రాకూడదని పెట్టిన షరతు అది. కిలో ఎంత అన్నచోట అంకె తప్ప వేరే ఏదీ తీసుకోదు. 28న రేట్ల పేజీలో ఒక్క వరుసా లేదు. సైటు పాడైందనుకుని నాకు ఫోన్లు. చూస్తే ముగ్గురు రైతులు ‘0’ అని రాశారు. సున్నా తప్పు రేటని నా కోడ్ ముగ్గురినీ వెనక్కి పంపింది.

ఒకాయనకి ఫోన్ చేశాను. “సున్నా ఏంటన్నా?”

“యాడ కొంటండారు? నలభై కౌంట్ పట్టి అమ్ముదామంటే రేపు మాపు అంటండారు. ఇంకేం రాయాల?”

ఆ రాత్రే ఫారం మార్చాను. అంకె పెట్టె పక్కన ఇంకో బటన్: ‘కొనేవాళ్లు లేరు’. అది నొక్కినా కౌంట్, ఊరు రాయాలి. పొద్దున ఎనిమిదింటికి పేజీలో పంతొమ్మిది వరుసలు ఉన్నాయి. పదమూడింట్లో ఆ మాటే.

ఇక మిగిలిన పనులు: ఆ బటన్ మీద ల వత్తు పాత ఫోన్లలో కింద తెగుతోందట, ఎత్తు పెంచాలి. పట్టికలో ‘టారిఫ్’, ‘సుంకం’, ‘ట్రంపు పన్ను’ మూడూ ఒకటేనని చేర్చాలి.